మంథని శాసనసభ్యుడు : పి.వి. నరసింహారావు ఎన్నికల చరిత్ర – ఒక పరిశీలన

శాసనసభ్యుని జీవితాన్ని మనం సాధారణంగా గెలుపుల లెక్కతో కొలుస్తాము. ఎన్నిసార్లు నిలిచాడు, ఎన్నిసార్లు గెలిచాడు, ఏ పదవి చేపట్టాడు అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే చాలుననుకుంటాము. ఈ కొలత సులభమైనదే గాని సమగ్రమైనది కాదు. శాసనసభ్యుడు అన్న పేరులోనే అతని విధి యేమిటో చెప్పబడి ఉన్నది. శాసనము చేయువాడు శాసనసభ్యుడు. అతడు చేసిన శాసనమేమి, దానివలన ఎవరికి మేలు జరిగినది, దానికై అతడు చెల్లించిన మూల్యమెంత అన్నవి అసలు ప్రశ్నలు.

ఈ ప్రశ్నలతో పరిశీలించదగిన జీవితం మన ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోనే ఉన్నది. 1957 నుండి 1977 వరకు ఇరువది సంవత్సరాలు మంథని నియోజకవర్గానికి ప్రాతినిధ్యం వహించిన పాములపర్తి వేంకట నరసింహారావు తరువాతి కాలంలో భారత ప్రధానమంత్రి అయినారు. ఆ ప్రధానిని గురించి వ్రాసినవారు పెక్కుమంది. మంథని శాసనసభ్యుని గురించి తలచుకొనేవారు తక్కువ. ఈ వ్యాసం ఆ శాసనసభ్యుని గురించినది.

తొలి అడుగులు

నరసింహారావు 1921 జూన్ 28న వరంగల్ జిల్లా నర్సంపేట సమీపంలోని లక్నేపల్లిలో జన్మించారు. కరీంనగర్ జిల్లా వంగర గ్రామంలోని భూస్వామి కుటుంబానికి దత్తుడై అక్కడ పెరిగారు. ఇంట తెలుగు, బడిలో ఉర్దూ. నిజాం రాజ్యంలో చదువుకున్న ఆ తరం వారందరివలెనే ఆయనకు ఉర్దూ విద్యాభాష. ఇతర భాషలు ఎన్ని నేర్చినా ఈ రెండింటి పునాది చెదరలేదు. తెలుగు, ఉర్దూ విద్యార్థులు ఒకే కప్పు క్రింద చదువుకునే మన కళాశాలకు ఈ విషయం ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది.

1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిధిలో వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందున ఆయన చదువు నిజాం రాజ్యంలో సాగలేదు. పూనాలోను, నాగపూరులోను చదివి న్యాయశాస్త్ర పట్టభద్రులైనారు. 1947–48 నాటి స్టేట్ కాంగ్రెసు పోరాటంలో స్వామి రామానంద తీర్థ అనుచరుడుగా, ఆదిలాబాద్ జిల్లా పొలిమేర ఆవలనున్న చాందా శిబిరంలో పనిచేశారు.

మొదటి పోటీ – మొదటి ఓటమి

1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో ముప్పది యేండ్ల నరసింహారావు కాంగ్రెసు పక్షాన లోక్‌సభకు పోటీచేశారు. ఆయనను ఓడించినవారు బద్దం ఎల్లారెడ్డి. కమ్యూనిస్టు పార్టీపై హైదరాబాదు రాష్ట్రంలో అప్పటికి నిషేధం ఉన్నందున ఆ పార్టీవారు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ పేరిట పోటీచేశారు. నల్గొండ నుండి రావి నారాయణరెడ్డి దేశమంతటిలో అత్యధికంగా ఓట్లు పొంది గెలిచినది ఆ ఎన్నికలలోనే.

ఎల్లారెడ్డి ఎవరో నేటి విద్యార్థులకు చెప్పవలసి ఉన్నది. 1947 సెప్టెంబరు 11న తెలంగాణ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ప్రకటనపై సంతకం చేసిన ముగ్గురిలో ఆయన ఒకరు. తక్కిన ఇరువురు రావి నారాయణరెడ్డి, ఉర్దూ మహాకవి మఖ్దూం మొహియుద్దీన్. దున్నేవానికే భూమి అన్నది వారి నినాదం. కనుక 1952లో కరీంనగర్ ఓటరు ఎంచుకున్నది ఒక వ్యక్తిని మాత్రమే కాదు, భూమి ప్రశ్నను. భూస్వామి ఇంటి యువకుడు ఆ ప్రశ్న ముందు ఓడిపోయినాడు. ఇరువది సంవత్సరాల తరువాత అదే ప్రశ్న ఆయనను మరల ఎదుర్కొన్నది.

మంథని నుండి నాలుగు గెలుపులు

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. ఆంధ్ర ప్రాంతంలో 1955లోనే ఎన్నికలు జరిగి ఉన్నందున, 1957లో తెలంగాణలోని 105 స్థానాలకు మాత్రమే శాసనసభ ఎన్నికలు జరిగినవి. ఆ యెన్నికలలో నరసింహారావు మంథని నుండి తొలిసారి గెలుపొందారు. పిమ్మట 1962, 1967, 1972 సంవత్సరాలలో వరుసగా అక్కడినుండే ఎన్నికైనారు.

మంథని గోదావరి ఒడ్డునున్న పురాతన పట్టణం, వేదపండితులకు పేరెన్నికగన్నది. నది దాటితే ఆనాటి ఆదిలాబాద్ జిల్లా. పట్టణం వదలి తూర్పుగా సాగితే కాటారం, మహదేవపూర్ అడవులు, కాళేశ్వర క్షేత్రం. ఒకవైపు శాస్త్రపాండిత్యం, మరొకవైపు దారి లేని అడవి పల్లెలు. ఇట్టి నియోజకవర్గానికి నాలుగు పర్యాయాలు ప్రతినిధిగా ఉండుట ఒక పాఠశాలలో చదువుట వంటిదే.

1962లో ఆయన మంత్రివర్గంలో చేరారు. న్యాయ, సమాచార శాఖలు, ఆపైన న్యాయ, దేవాదాయ శాఖలు, 1967లో వైద్య ఆరోగ్య శాఖ, 1968 నుండి 1971 వరకు విద్యాశాఖ నిర్వహించారు. తెలుగును అధికారభాషగా నిర్ణయించిన 1966 నాటి చట్టం ఆయన న్యాయమంత్రిగా ఉన్న కాలంలోనే వచ్చినది. అవసరమైన ప్రాంతాలలో ఉర్దూను కూడ ఉపయోగించుటకు ఆ చట్టంలో వీలు కల్పించబడినది. కళాశాల స్థాయిలో తెలుగున పాఠ్యగ్రంథాలు సిద్ధపరచుటకు 1968లో నెలకొల్పిన తెలుగు అకాడమీకి ఆయన తొలి అధ్యక్షులు. పల్లెటూరి పేద విద్యార్థులకు ఉచిత వసతితో చదువు చెప్పే గురుకుల పాఠశాల నల్గొండ జిల్లా సర్వేలులో 1971లో ప్రారంభమైనది. విద్యామంత్రిగా ఆయన తలపెట్టిన ఆ పని ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు రూపు దాల్చినది. ఆ తరువాత రాష్ట్రమంతట వెలసిన గురుకులాలకు సర్వేలే మాతృక.

ముఖ్యమంత్రి పదవి – భూమి ప్రశ్న

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం చెలరేగినది. 1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణలోని 14 స్థానాలలో 10 స్థానాలను తెలంగాణ ప్రజాసమితి గెలుచుకున్నది. ఆ తీర్పు ఫలితంగా కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి పదవి వదలగా, 1971 సెప్టెంబరు 30న నరసింహారావు ముఖ్యమంత్రి అయినారు. ఆంధ్రప్రదేశ్‌కు తెలంగాణ నుండి వచ్చిన మొదటి ముఖ్యమంత్రి ఆయనే. 1972 శాసనసభ ఎన్నికలలో ఆయన వెనుకబడిన తరగతుల వారికి, కొత్తవారికి విరివిగా అవకాశమిచ్చారు. కాంగ్రెసు 287 స్థానాలలో 219 స్థానాలు గెలిచినది.

ఆ బలంతో ఆయన చేపట్టిన పని భూసంస్కరణ. అంతకు ముందు 1961లో చేసిన గరిష్ఠ పరిమితి చట్టం ఒకటి ఉండెను. దాని ప్రకారం ఒక కుటుంబం భూమి తరగతిని బట్టి 27 ఎకరాల నుండి 324 ఎకరాల వరకు ఉంచుకోవచ్చును. ఇంతటి ఉదారమైన పరిమితిలో మిగులు భూమి తేలుట ఎట్లు? కొత్త చట్టం ఐదుగురు సభ్యుల కుటుంబానికి మాగాణి, అనగా మన జిల్లాలలో తరి అనబడునది, 10 నుండి 27 ఎకరాలుగను, మెట్ట, అనగా ఖుష్కి, 35 నుండి 54 ఎకరాలుగను నిర్ణయించినది. నేల సారాన్ని, నీటి వసతిని బట్టి ఈ తరగతులు ఏర్పడినవి. చట్టం వచ్చేలోగా భూములు చేతులు మారకుండుటకు 1972లోనే అమ్మకాలను నిషేధించారు. ఆ శాసనమే 1973వ సంవత్సరపు ఒకటవ చట్టంగా గ్రంథస్థమైనది. 1952లో తనను ఓడించిన పక్షం అడిగిన ప్రశ్నకు, భూస్వామి ఇంటి దత్తపుత్రుడు శాసనసభలో జవాబు చెప్పవలసి వచ్చినది. ఆ జవాబు తన ఇంటి భూమికి కూడ వర్తించినది.

ఇంతలో మరియొక సంకటం వచ్చినది. తెలంగాణ ఉద్యోగాలలో స్థానికులకు రక్షణ కల్పించు ముల్కీ నిబంధనలు చెల్లునని 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పే అంతిమమన్న ముఖ్యమంత్రి వైఖరిపై ఆంధ్ర ప్రాంతంలో తీవ్ర ఆగ్రహం వ్యక్తమై జై ఆంధ్ర ఉద్యమంగా మారినది. ఆ ప్రాంతపు మంత్రులు రాజీనామా చేశారు. ఉద్యోగాలను గురించిన ఆంధ్ర యువకుల ఆవేదన నిజమైనదే. అయితే భూచట్టానికి జంకిన సంపన్న వర్గాల అండ కూడ ఆ ఉద్యమానికి లభించినదని పలువురు పరిశీలకుల అభిప్రాయం. 1973 జనవరిలో నరసింహారావు పదవి వీడారు. రాష్ట్రపతి పాలన వచ్చినది. శాసనసభలో అంతటి ఆధిక్యం ఉన్న నాయకుడు ఏడాది తిరుగకుండానే దిగిపోవుట గమనింపదగినది. ఓట్ల బలం శాసనం చేయుటకు చాలినది గాని, దానిని అమలు జరుపుటకు చాలలేదు.

శాసనం తరువాత

ఆ చట్టాన్ని 1974లో రాజ్యాంగ సవరణ ద్వారా తొమ్మిదవ షెడ్యూలులో చేర్చారు. అయినను అది అమలులోనికి వచ్చినది 1975 జనవరి 1న. శాసనానికి, అమలుకు నడుమ గడచిన కాలం పెద్ద రైతులకు ఊపిరి సలుపుకొను వ్యవధి అయినది. కాగితాలపై పంపకాలు జరిగినవి, బినామీ పేర్లు పుట్టినవి. కొందరు పేదలకు భూమి దక్కిన మాట నిజమే. ఆశించినంత దక్కలేదన్నదీ నిజమే.

ఆ లోటు ఎక్కడ తేలినదో మన రెండు జిల్లాల చరిత్రయే చెప్పుచున్నది. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీల మహాప్రదర్శన జరిగినది. ఆ సంవత్సరమే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో భూమి హక్కులకై సమావేశమైన గోండులపై పోలీసు కాల్పులు జరిగినవి. అధికార లెక్క ప్రకారం చనిపోయినవారు 13 మంది. సభలో తేలని ప్రశ్న అడవిలో తలెత్తినది. దానికి మూల్యం చెల్లించినవారు మంత్రులు కారు, పేదలు.

మంథని దాటిన తరువాత

1977లోను, 1980లోను నరసింహారావు హనుమకొండ నుండి లోక్‌సభకు ఎన్నికైనారు. 1984లో హనుమకొండలో భారతీయ జనతా పార్టీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. ఆ సంవత్సరం దేశం మొత్తంమీద ఆ పార్టీకి దక్కిన స్థానాలు రెండే. అందులో ఒకటి ఇది. అయితే అదే ఎన్నికలలో మహారాష్ట్రలోని రాంటెక్ నుండి ఆయన గెలిచారు. 1989లోను అక్కడినుండే ఎన్నికైనారు. 1991 ఎన్నికలలో పోటీచేయక, రాజకీయాల నుండి విరమింపనున్న దశలో, జూన్ 21న ప్రధానమంత్రి అయినారు. ఆ సంవత్సరం నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో అయిదు లక్షలకు పైబడిన ఆధిక్యంతో గెలిచారు. 1996 మే వరకు ప్రధానిగా ఉన్నారు.

ఆ పాలనలోని ఆర్థిక సంస్కరణలను మెచ్చువారు ఉన్నారు, విమర్శించువారు ఉన్నారు. 1992 డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చివేతను నివారించలేకపోవుట ఆ పాలనపై చెరగని మచ్చ. దానిని దాచి ఆయన జీవితం వ్రాయుట న్యాయం కాదు. ఆయన 2004 డిసెంబరు 23న మరణించారు. 2024లో భారతరత్న ప్రకటించబడినది. 2016 జిల్లాల పునర్విభజనతో మంథని పెద్దపల్లి జిల్లాలో చేరినది.

మనము నేర్వవలసినది

విద్యార్థి మిత్రులారా! ఈ జీవితంలో సొంత గడ్డపై రెండు ఓటములు ఉన్నవి. మొదటిది 1952లో, రెండవది 1984లో. నడుమ మంథని ఇచ్చిన నాలుగు గెలుపులు ఉన్నవి. అయితే ఆయనను శాసనసభ్యునిగా గుర్తుంచుకొనుటకు కారణం ఆ నాలుగు గెలుపులు కావు. సర్వేలు బడి, తెలుగు అకాడమీ, భూచట్టం. వీనిలో మొదటి రెండు ఆయనకు కీర్తి తెచ్చినవి. మూడవదాని కాలంలోనే ముఖ్యమంత్రి పదవి పోయినది. 1998లో ఆయన ఆంగ్లంలో వెలువరించిన 'ది ఇన్‌సైడర్' నవలలో అఫ్రోజాబాద్ అను కల్పిత రాష్ట్రంలోని రాజకీయమే కథావస్తువు కావడం, ఆ అనుభవం ఆయన మనసును ఎన్నడూ వీడలేదని తెలుపుచున్నది.

మన ఓటు హక్కు వచ్చిన నాడు అభ్యర్థిని అడుగవలసిన ప్రశ్నలు ఈ జీవితమే సూచించుచున్నది. నీవు చేయబోవు శాసనమేది? అది నీ ఇంటికి కూడ వర్తించునా? చట్టం పుస్తకంలో చేరిన పిమ్మట అది మా ఊరి పహాణీలోనికి వచ్చువరకు నీవు వెంట నిలుతువా? మొదటి రెండింటికి మంథని శాసనసభ్యుని వద్ద జవాబు ఉండెను. మూడవదానికి జవాబు చెప్పు వ్యవధి ఆయనకు లభించలేదు. ఆ మిగిలిన జవాబు కొరకు జగిత్యాల, ఇంద్రవెల్లి పల్లెలు ఎంతకాలం ఎదురుచూచినవో తెలిసినవారు, ఎన్నికను గెలుపోటముల ఆటగా ఎన్నడూ భావింపరు.