నాటకపు మట్టు, దేవుని పాట

గత క్రిస్మసు పండుగకు ముందు కామారెడ్డిలో మా బాలబాలికలు పాటల నభ్యసించుచుండగా, ఎల్లారెడ్డినుండి వచ్చిన యొక విద్యార్థి తండ్రిగారు విని, "అయ్యా, ఇది నాటకపు మట్టు గదా! గుడిలో పాడవచ్చునా?" అని మమ్ము నడిగిరి. అప్పుడు మేము తగిన యుత్తర మీయలేకపోతిమి.

ఈ ప్రశ్న చాల పాతది. 1685లో జర్మనీదేశమున హాలె పట్టణమందు జన్మించిన హాండెలు, లండను నగరమున ఇటాలియను భాషలో ఓపెరాలు, అనగా ఆద్యంతము పాటలతో నడచు నాటకములు, కూర్చి ప్రసిద్ధి కెక్కెను. 1732లో ఆయన ఎస్తేరు కథను నాటకశాలకు తెచ్చినప్పుడు, రాజుగారి ప్రార్థనామందిరపు బాలురు దాని నచట నభినయింపరాదని బిషప్పు గిబ్సను అడ్డుపడెనట. హాండెలు అభినయమును విడిచి గానమును మాత్రము నిలిపెను. ఓపెరాలోని వచనప్రాయమగు పాటయు, ఒంటిగొంతు పాటయు అట్లే యుండెను; బృందగానములు పెరిగెను. ఆంగ్లదేశమున ఒరటోరియో అను గానప్రబంధ మిట్లు వేరూనెను.

"మెస్సీయ"ను ఆయన 1741 ఆగస్టు 22న నారంభించి 24 దినములలో ముగించెను. మరుసటి యేట ఏప్రిల్ 13న డబ్లినులో మొదట పాడినవారిలో సుసన్నా సిబ్బరు అను నాటకశాల నటి యుండెను. ఆనాటి రాబడి ఋణములవలన చెరలోనున్నవారికిని, రెండు వైద్యశాలలకును పోయెను. 1743లో లండను నాటకశాలలో పాడినప్పుడు మాత్రము పత్రికలలో నాక్షేపణ వెలువడెను.

మాకు వింతగా తోచిన సంగతి వేరొకటి. యెషయా ప్రవచించిన శిశుజననమును గూర్చిన బృందగానపు మట్టు, అంతకుముందు జూలైలో హాండెలే కూర్చిన ఇటాలియను యుగళగీతములోనిది. అది మన్మథుని నమ్మనని నిందించు పాట! అందు మొదటి మాట "కాదు" అని గట్టిగా పలుకవలసినది. ఆ బరువే ఆంగ్లమున "ఏలయనగా" అను చిన్న మాటపై పడినది. అంతటివాడును తడబడెను.

మన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) కర్ణాటక రాగతాళములలో క్రైస్తవ కీర్తనలు రచించిరి. ఆ రాగములును అంతకుముందు సభలలోను, ఆటపాటలలోను వినబడినవే. తెలుగు మాట వానిలో నలుగదు. పరదేశపు మట్టులకు మాటల నతికించునప్పుడే చిక్కు. లఘువు సాగినచో "కలము" కాలమగును, "మరణము" మారణమగును.

ఆ పెద్దమనిషి వెళ్లినపిదప మా పాటను మరల వింటిమి. మూడవ చరణమున క్రీస్తు మారణమును జయించుచుండెను! బాలురెవ్వరును నవ్వలేదు, మేమును గమనింపలేదు. రెండు దినములు కూర్చుండి ఆ మాటను వేరొక తావునకు జరిపితిమి. మట్టును మార్చలేదు.