మిగిలిపోయిన కండకు మొదటి సెట్

అబిడ్స్ బట్టల షోరూంలో పనిచేసే కుర్రాడి రోజు చూడండి. పొద్దున షట్టర్ ఎత్తినప్పటి నుంచి రాత్రి తొమ్మిదిన్నరకు దించేదాకా నిలబడే ఉంటాడు. ఆ తర్వాత జిమ్. సోమవారం చెస్ట్, మంగళవారం వీపు, బుధవారం భుజాలు, గురువారం చేతులు, శుక్రవారం కాళ్లు. శుక్రవారం వచ్చేసరికి అరికాళ్లు మండుతుంటాయి, స్క్వాట్ రాడ్ వైపు చూడబుద్ధి కాదు. లెగ్ ఎక్స్‌టెన్షన్ రెండు సెట్లు లాగించి, అద్దం ముందుకెళ్లి బైసెప్స్ మరో నాలుగు సెట్లు కొట్టి ఇంటికి పోతాడు. ఏడాది గడిచాక "నా కాళ్లు ఎదగవన్నా, మా ఇంట్లో అందరివీ సన్న కాళ్లే" అంటాడు.

ఈ మాట నేను నాంపల్లి, అబిడ్స్ జిమ్‌లలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పుట్టుక ప్రభావం ఉంటుంది, కాదనను. పిక్క కండ ఎంత కిందిదాకా దిగుతుందో, ఎక్కడ స్నాయువుగా మారుతుందో మన చేతిలో లేదు. కానీ వంశం మీదికి నెట్టే ముందు ఒక నోటుపుస్తకం కొనండి. రెండు వారాల పాటు ఏ కండకు ఎన్ని సెట్లు పడ్డాయో రాయండి. వార్మప్ లెక్కలోకి రాదు, ఇంకో రెండు మూడు రెప్స్ మాత్రమే తీయగలం అనేదాకా వెళ్లిన సెట్టే సెట్టు. ఆ పేజీ చూస్తే చాలామందికి జవాబు దొరుకుతుంది. వారంలో మిగిలిన ఓపిక దక్కిన కండే వెనకబడుతుంది.

పాత తాలీంఖానాల్లో దండీలు తీసినవాడు బస్కీలూ తీయాల్సిందే. పైదేహం, కిందిదేహం జంటగా నడిచేవి. ఆ జంటను తెంపింది మన అద్దాలు. అద్దంలో కనిపించే చెస్ట్‌కు, చేతులకు వారం మొదట్లోని బలం పోతుంది. వీపు, వెనక భుజం, వెనక తొడ, పిక్కలకు చివర్లో దొరికిందే ప్రాప్తం.

అందుకే మొదటి పని వరస మార్చడం. వెనకబడిన కండను సెలవు తర్వాతి రోజుకో సెలవు రోజుకో తీసుకురండి, ఆ రోజు కూడా దాన్నే ముందు చేయండి. బాడీబిల్డింగ్ గురువు జో వీడర్ దశాబ్దాల కిందటే దీన్ని ప్రయారిటీ సూత్రం అన్నాడు. మనకు ఇక్కడ ఒక వీలుంది. ఆదివారం అబిడ్స్‌లో చాలా షాపుల షట్టర్లు దించే ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. షోరూంలో నిలబడేవాళ్లకు కాళ్లు తాజాగా ఉండే పొద్దు అదొక్కటే. మీ లెగ్ డే శుక్రవారం రాత్రి కాదు, ఆదివారం పొద్దున. రెండోది బుధవారం, చిన్నది, నాలుగైదు సెట్లు. అన్ని సెట్లూ ఒక్క రోజే కుక్కేకంటే రెండు రోజులకు పంచితే ప్రతి సెట్టూ బలంగా పడుతుంది.

రెండో పని తగ్గించడం. దీనికే మనసొప్పదు. జగదీశ్ మార్కెట్‌లో ఫోన్లు రిపేరు చేసే ఒక తమ్ముడి పుస్తకంలో వారానికి చెస్ట్ 16 సెట్లు, బైసెప్స్ 12, వీపు 6, వెనక భుజం సున్నా. రోజంతా వంగి పనిచేసే మనిషి, వీపు పైభాగం పలచబడి భుజాలు ముందుకు వాలాయి. ఉన్న చెస్ట్ వదలకుండా వీపు సెట్లు కూడా కలిపి చేస్తానన్నాడు. రాత్రి పది దాటాక జిమ్‌కొచ్చే మనిషికి అది అయ్యే పని కాదు. కండ పెంచడానికి పడ్డ శ్రమలో మూడో వంతు చాలు, కొన్ని నెలల పాటు అది నిలబడుతుంది. కాబట్టి చెస్ట్ 6, బైసెప్స్ 4. వీపు మొదటి రెండు వారాలు 10, తర్వాత 14. వెనక భుజం 6. ఒక్కసారిగా 20కి ఎగబాకితే మోచేతులు నొస్తాయి గానీ కండ రాదు. ఒకేసారి ఒకటి రెండు కండలకు మించి పెట్టుకోవద్దు.

మూడోది, ఎత్తే బరువు తగ్గించడం. వెనకబడిన కండకు పని చేయడం అలవాటు ఉండదు, పక్కనున్న బలమైన కండ ఆ పని లాక్కుంటుంది. రోయింగ్‌లో వీపు చేయాల్సింది బైసెప్స్ చేసేస్తుంది. బెంచికి ఛాతీ ఆనించి రోయింగ్ చేయండి, నడుము ఊపడానికి వీలుండదు. మూడు సెకన్లు తీసుకుని దించండి, సాగిన చోట క్షణం ఆగండి. సెట్టుకూ సెట్టుకూ మధ్య రెండు నిమిషాలు కూర్చోండి. ఆ రెండు నిమిషాలూ ఫోన్ చూస్తూ ఐదు నిమిషాలైతే మాత్రం రాత్రి పన్నెండవుతుంది.

పిక్కల సంగతి విడిగా చెప్పాలి, ఎక్కువమంది ఆశ వదిలేసుకునేది వాటి మీదే. "రోజంతా నిలబడుతున్నాం కదా, వాటికి వ్యాయామం అయిపోతోంది" అంటారు. నిలబడితే అలసట వస్తుంది, ఎదుగుదల రాదు. పిక్కలోని పై కండ మోకాలిని దాటి తొడ ఎముకకు అతుక్కుంటుంది. మోకాలు మడిస్తే అది వదులై పని తప్పించుకుంటుంది. జపాన్ పరిశోధకులు 2023లో ప్రచురించిన 12 వారాల పరిశీలనలో నిలబడి మడమ లేపిన కాలి పిక్క బాగా పెరిగింది, కూర్చుని లేపిన కాలిలో ఆ పై కండ దాదాపు అలాగే ఉంది. కాబట్టి మెట్టు అంచున ముందరి పాదం ఆనించి, మోకాలు చాచి, మడమను పూర్తిగా కిందికి దించి రెండు సెకన్లు ఆగి లేవండి. కిందనుంచి స్ప్రింగులా ఎగిరితే ఆ పని స్నాయువుది, కండది కాదు. దీనికి మెషీన్ కూడా అక్కర్లేదు, ఒక డంబెల్, ఒక మెట్టు చాలు. ఆర్నాల్డ్ ష్వార్జెనెగ్గర్ పిక్కలు సన్నగా ఉన్న రోజుల్లో ప్యాంట్లు కత్తిరించుకుని, ఆ లోపం అందరికీ కనిపించేలా జిమ్‌లో తిరిగాడు. మన దగ్గర అదే లోపం ట్రాక్ ప్యాంటులో దాక్కుంటోంది.

ఒక పక్క మాత్రమే సన్నగా ఉంటే డంబెల్‌తో ఒక్కో చేయి చేయండి, బలహీనమైన చేతితో మొదలుపెట్టి అదెన్ని తీస్తే రెండోది అన్నే. కానీ ఒక చేయో కాలో ఉన్నట్టుండి సన్నబడినా, తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా అది జిమ్ సమస్య కాదు. నరాల డాక్టరుకు చూపించండి, ఆలస్యం చేయొద్దు.

తిండి లేకుండా ఇవేవీ పనిచేయవు. బరువులో కిలోకు 1.6 గ్రాముల ప్రొటీన్ చొప్పున, 70 కిలోల మనిషికి రోజుకు సుమారు 112 గ్రాములు. నాలుగు గుడ్లు 24, వండిన చికెన్ 150 గ్రాములు తింటే 40 పైన, పొడి మీల్ మేకర్ 50 గ్రాములకు 26. మిగతాది పప్పు, పెరుగు, అన్నంలోంచి వస్తుంది. పొద్దున ఇడ్లీ, సాయంత్రం ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో గడిపేస్తే రాదు. కొందరు తమ్ముళ్లు దగ్గరి దారి అంటూ మెఫెంటర్మిన్ సూదులు అడుగుతున్నారు. ఆపరేషన్ బల్ల మీద పడిపోయిన బీపీ లేపడానికి వాడే మందది. దానితో కండ రాదు, గుండె దెబ్బతింటుంది. ఎవరు చేతికిచ్చినా తీసుకోకండి, మీ కాళ్లు పట్టుకుని చెబుతున్నాను.

నాలుగు వారాలకోసారి, పొద్దున నిద్ర లేవగానే, అదే చోట టేపు పెట్టి కొలిచి పుస్తకంలో రాయండి. 12 వారాలకీ కొలత కదలకపోతే సెట్లు పెంచే ముందు నిద్ర లెక్క చూడండి. రాత్రి ఒంటిగంటకు పడుకుని ఆరింటికి లేస్తుంటే, వారానికి ఒక జిమ్ రోజు మానేసి ఆ గంటన్నర నిద్రకు ఇవ్వండి. మానేసే రోజు చెస్ట్ డేనే కావాలి.