మంచం మోసే నలుగురు
‘ఊపిరి’ చిత్రం ఆధారంగా ఒక కుటుంబ పాఠం

ఇంట్లో ఒకరు మంచం పట్టారంటే ఆ జబ్బు ఆ ఒక్కరిదే కాదు, ఇల్లంతటిదీ. మందుల ఖర్చు ఎవరు పెట్టాలి, రాత్రిళ్లు ఎవరు మేలుకోవాలి అన్న ప్రశ్నలతోబాటు పాత తగాదాలన్నీ పైకి లేస్తాయి. “పొలం పంచినప్పుడు గుర్తుకు రాని నేను ఇప్పుడు గుర్తుకొచ్చానా?” అనే కొడుకులున్నారు. అదే మంచం దగ్గర, ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు ఒకరినొకరు పట్టుకొని ఏడవడమూ మనకు తెలుసు. వ్యాధి తనంతట తాను కుటుంబాన్ని కలపదు, విడదీయదు. మంచం చుట్టూ ఉన్నవారు ఏం చేస్తారన్నదే ముఖ్యం. ఈ సంగతిని ఒక సినిమా ఆధారంగా ఆలోచిద్దాం.

కథ

వంశీ పైడిపల్లి దర్శకత్వం వహించిన ‘ఊపిరి’ 2016 మార్చి 25న విడుదలైంది. దీన్ని తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి తీశారు. తమిళంలో దీని పేరు ‘తోళా’, అంటే నేస్తమా అని అర్థం. విక్రమాదిత్య (నాగార్జున) కోటీశ్వరుడు. పారాగ్లైడింగ్ ప్రమాదంలో మెడ కింది భాగమంతా చచ్చుబడి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. శీను (కార్తి) పెరోలు మీద బయటికొచ్చిన దొంగ. సొంత ఇంటివారికే అతడు కానివాడయ్యాడు. తనను చూసుకొనే పనికి విక్రమాదిత్య ఇతన్నే ఎంచుకుంటాడు. ఆప్తులు హెచ్చరించినా వినడు. కారణం ఒక్కటే. శీను అతని మీద జాలి చూపడు. పరాచికాలాడతాడు, ఎదురు చెబుతాడు, నాలుగు గోడల మధ్యనుండి బయటికి తీసుకుపోతాడు.

గమనించవలసింది ఏమంటే, రోగికి సేవ చేయడానికి వచ్చినవాడే ముందుగా మారతాడు. దూరమైన తన కుటుంబానికి మళ్లీ దగ్గరవుతాడు. శీను లేనిదే గడవని స్థితిలో ఉండికూడా, నీ ఇంటివాళ్లకు నువ్వు కావాలని అతన్ని పంపించేది ఆ కదలలేని మనిషే.

మరొక సంగతి. తాను ప్రేమించిన అమ్మాయికి భారం కాకూడదని విక్రమాదిత్య నిజం దాచి ఆమెను దూరం చేసుకున్నాడు. ఆ ముల్లు చాలాకాలం అతని గుండెలోనే ఉండిపోయింది. అంటే బంధాలు తెంచేది ఆరోగ్యవంతులే కాదు. “వాళ్లకు నేనెందుకు బరువు?” అనుకొని రోగి కూడా తలుపు మూసుకుంటాడు.

కథ వెనుక మనిషి

ఈ చిత్రానికి మూలం 2011లో వచ్చిన ఫ్రెంచి చిత్రం ‘ది ఇన్‌టచబుల్స్’. దానికి మూలం ఒక నిజ జీవితం. ఫ్రాన్సు దేశస్థుడు ఫిలిప్ పోజో ది బోర్గో 1993లో, 42 ఏళ్ల వయసులో, పారాగ్లైడింగ్ ప్రమాదానికి గురై మెడ కిందికి చచ్చుబడ్డారు. భార్య బియాత్రిస్ 1996లో క్యాన్సరుతో మరణించింది. ఆయనను చూసుకోవడానికి వచ్చిన అబ్దెల్ సెల్లూ కూడా జైలు చూసినవాడే. కాపలాకు వచ్చినవాడు ప్రాణమిత్రుడయ్యాడు. ఆ ప్రమాదం తర్వాత సుమారు 30 ఏళ్లు జీవించి, 2023 జూన్‌లో ఫిలిప్ కన్నుమూశారు. బాధ తీర్చే పేరుతో రోగి ప్రాణం తీసే చట్టాలను ఆయన బహిరంగంగా వ్యతిరేకించారు. తనలాంటివారికి కావలసింది చావు కాదు, తోడు అని ఆయన జీవితమే చెప్పింది.

సువార్త వెలుగులో

మార్కు సువార్త 2వ అధ్యాయం తెరవండి. పక్షవాత రోగిని నలుగురు మోసుకొని వచ్చారు. జనం కిక్కిరిసి ఉంటే ఇంటికప్పు విప్పి మంచాన్ని దించారు. ప్రభువు చూసినది మోసినవారి విశ్వాసాన్ని. ఆయన మొదట ఇచ్చినది క్షమాపణ, ఆ తర్వాతనే లేచి నడవమన్నాడు. దీన్నిబట్టి రోగం పాపానికి శిక్ష అని ఎవరూ అనుకోకూడదు. పుట్టు గ్రుడ్డివాని విషయంలో, యోహాను 9వ అధ్యాయంలో, ప్రభువు ఆ ఆలోచనను త్రోసిపుచ్చాడు. శరీరానికి వైద్యం ఎంత అవసరమో, మనసుకు సమాధానమూ అంతే అవసరమని మనం గ్రహించాలి.

యాకోబు లేఖ 5వ అధ్యాయం కూడా ఈ రెంటినీ పక్కపక్కనే ఉంచింది. రోగికి తైలంతో అభ్యంగనం చేయమని చెబుతూనే, ఒకరి తప్పులు ఒకరితో ఒప్పుకోమన్నది. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం చివరి ఊపిరికి మాత్రమే కాదని రెండవ వాటికన్ మహాసభ స్పష్టం చేసింది. అయినా గురువుగారిని పిలిస్తే రోగి భయపడతాడని, మాట పడిపోయేదాకా ఆగే ఇళ్లున్నాయి. రాజీ సంగతిలోనూ ఇదే చేస్తున్నాం. తమ్ముడికి కబురు పంపేసరికి అన్నకు స్పృహ ఉండడం లేదు.

మన ఇళ్లలో

విక్రమాదిత్యకు డబ్బుంది. జీతమిచ్చి మనిషిని పెట్టుకోగలడు. మన సంగతి వేరు. సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద నడుములు విరిగినవారున్నారు. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బస్తాలు మోసి వెన్ను దెబ్బతిన్న హమాలీలున్నారు. తాటిచెట్టు మీదనుండి జారిపడి మంచానికే అంకితమైన గీత కార్మికులున్నారు. వీరి రక్షణకోసం ‘కాటమయ్య రక్ష’ కిట్లను రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఇవ్వడం మొదలుపెట్టింది. కాని ఇప్పటికే పడిపోయినవారిని చూసుకోవలసింది ఇంటివారే.

ఆ పని ఎంతటిదో తెలుసుకోండి. మెదడునుండి కాళ్లు చేతులకు కబురు మోసేది వెన్నుపాము. అది మెడ దగ్గర దెబ్బతింటే కాళ్లు చేతులూ, నడుము దగ్గరైతే కాళ్లూ చచ్చుబడతాయి. స్పర్శ ఉండదు గనుక వేడినీళ్లు కాలినా, ఒత్తిడికి పుండు పడుతున్నా రోగికి తెలియదు. అందుకే రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. పిరుదులు, తుంటి, మడమలు రోజూ పరిశీలించాలి. రెండు గంటలకొకసారి అంటే రోజుకు 12 సార్లు. అందులో సగం రాత్రిపూట. ఇది చాలా ఇళ్లలో ఒక్క ఆడమనిషి మీదనే పడుతున్నది. భార్యో, కోడలో నెలల తరబడి కంటినిండా నిద్రపోదు. ఆదివారం పండ్లు తెచ్చి, నాలుగు మంచిమాటలు చెప్పి వెళ్లే బంధువులకు ఈ లెక్క తెలియదు.

సువార్తలో మంచం మోసింది ఒక్కరు కాదు, నలుగురు. కాబట్టి రాజీ అంటే కన్నీళ్లు మాత్రమే కాదు. “బుధవారం రాత్రి నేను మేలుకుంటాను, నువ్వు పడుకో వదినా” అని మరిది చెప్పడమే రాజీ. మాటలు లేని ఇంటికి వెళ్లడానికి ఇంతకంటె మంచి దారి దొరకదు.

కుటుంబ ప్రార్థన తర్వాత మాట్లాడుకోండి

1. మన బంధువుల్లో, మన వాడలో మంచం పట్టినవారు ఎవరు? వారిని చూసుకుంటున్నది ఎవరు? ఆమె చివరిగా హాయిగా నిద్రపోయింది ఎప్పుడు?

2. మనం ఎవరితో మాట్లాడడం మానేశాం? వారికి జబ్బు చేసేదాకా ఆగాలా?

3. రోగి దగ్గర కూర్చున్నప్పుడు జాలి మాటలే మాట్లాడుతున్నామా? ఆయనతో నవ్వుతున్నామా? ఇంటి విషయాల్లో ఆయన సలహా అడుగుతున్నామా?

4. ఇంట్లో రోగి ఉంటే ఒక కాగితం తీసుకోండి. వారంలోని 7 రాత్రులు రాసి, ప్రతి రాత్రికి ఎదురుగా ఒక పేరు రాయండి. అన్నిటికీ ఒకే పేరు వస్తే, ఆ మంచానికి మోసేవారు ఇంకా ముగ్గురు కావాలి. వారిని ఈ వారమే పిలవండి.