నర్సమ్మ పేరున చదువు

పోయినవాళ్ల పేరున మన ఊళ్లలో అన్నదానం చేస్తారు. చలివేంద్రం పెడతారు. కొందరు బడికి గది కట్టిస్తారు. ఒక నర్సమ్మ పేరున మాత్రం ఎందరో ఆడపిల్లలకు చదువు దొరికింది. ఆ నర్సమ్మ పేరు ఫ్లోరెన్స్ నైటింగేల్.

ఆమె 1820 మే 12న పుట్టింది. వాళ్లది ఇంగ్లండులో బాగా కలిగిన కుటుంబం. నర్సు పని నేర్చుకుంటానని ఇంట్లో చెప్పింది. వాళ్లు ససేమిరా అన్నారు. ఆ రోజుల్లో నర్సు పనికి గౌరవం లేదు. అయినా ఆమె పట్టు వదల్లేదు. నేర్చుకుంది.

1854లో క్రిమియా యుద్ధం జరుగుతోంది. ఆమె 38 మంది నర్సులను వెంటబెట్టుకుని టర్కీ దేశంలోని సైనికుల ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ ఎటు చూసినా మురికి. మురుగు కాలవలు పూడిపోయాయి. రాత్రిళ్లు చేతిలో దీపంతో ఆమె రోగుల మధ్య తిరిగేది. ఒక్కొక్కరినీ పలకరించేది.

1855లో మురుగు కాలవలు బాగు చేయించారు. చావులు తగ్గాయి. యుద్ధం అయ్యాక ఆమె కూర్చుని లెక్కలు వేసింది. గాయాలతో ఎంతమంది పోయారు? రోగాలతో ఎంతమంది పోయారు? రోగాలతో పోయినవాళ్లే ఎక్కువని తేలింది. ఆ లెక్కలను రంగుల బొమ్మగా గీసి పెద్దలకు చూపింది. శుభ్రత లేకపోతే ప్రాణాలు పోతాయని చెప్పింది. ఆమె మన దేశానికి ఎప్పుడూ రాలేదు. కానీ మన పల్లెల్లో మంచినీళ్లు, మురుగు గురించి ఏళ్ల తరబడి రాసింది.

జనం ఆమె గౌరవార్థం చందాలు పోగు చేశారు. ఆ డబ్బుతో 1860లో లండనులో నర్సుల బడి మొదలైంది. ఆమె 1910లో కన్నుమూసింది. 1934లో ఆమె జ్ఞాపకార్థం ఒక సంస్థ ఏర్పడింది. వేరువేరు దేశాల నర్సుల పైచదువుకు అది సాయం చేసింది.

2000 సంవత్సరం దాటాక ఆ సంస్థ ఇంకో మంచి పని తలపెట్టింది. ఎయిడ్స్ జబ్బు ఆఫ్రికాలో ఎందరినో పొట్టన పెట్టుకుంది. వారిలో నర్సులూ ఉన్నారు. ఊరందరికీ సేవ చేసిన తల్లి పోతే ఆమె కూతురి గతి ఏమిటి? ఫీజు కట్టేవాళ్లు లేక బడి మానేయాలి. దీపం కింద చీకటి అంటే ఇదే.

అందుకని నర్సులైన తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఆడపిల్లలకు ఆ సంస్థ స్కాలర్‌షిప్పు ఇచ్చింది. స్కాలర్‌షిప్పు అంటే చదువు ఖర్చుకు ఇచ్చే సాయం. అది అప్పు కాదు. తిరిగి కట్టనక్కరలేదు. కెన్యా, ఉగాండా, జాంబియా, ఎస్వతీని దేశాల పిల్లలకు ఈ సాయం అందింది. ఫీజు నేరుగా బడికే కట్టారు. యూనిఫాం, బూట్లు, పుస్తకాలు కూడా ఇందులోనే. పిల్ల ఎలా చదువుతోందో చూసుకోవడానికి ఒక నర్సమ్మ తోడుండేది.

నైటింగేల్‌కు పిల్లలు లేరు. కానీ ఆమె పేరున చదువుకున్న ఆడపిల్లలు ఎందరో!

ఆలోచించండి:
1. నైటింగేల్ వేసిన లెక్కల్లో ఏం తేలింది?
2. ఫీజు నేరుగా బడికే ఎందుకు కట్టారు?
3. మీ ఊళ్లో తల్లిదండ్రులు లేక చదువు ఆగిన పిల్ల ఉందా? మీ సంఘం ఏం చేయగలదు?