పాత్రకు తగిన పలుకు

నెల్లూరికి తూర్పున, కండలేరు సముద్రమున కలియుచోట, కృష్ణపట్నపు రేవున్నది. ఒకప్పుడు మద్రాసునుండి బకింగుహాము కాలువపై వచ్చు పడవలు ఈ యూరి ప్రక్కగా సాగెడివి. అచ్చటి పల్లెకారులు వల లాగుచు ఒకరినొకరు కేకవేయు తీరు వేరు. ఉప్పుమళ్లలో పనిచేయువారి మాట వేరు. నెల్లూరి మూలపేటలో పండితులు శాస్త్రచర్చ సాగించునప్పటి పలుకు వేరు. అన్నియు తెలుగే. అయినను పందొమ్మిదవ శతాబ్దపు నాటకములలో తరచుగా రాజును, బంటును, మంత్రియు, చాకలియు ఒక్క గ్రాంథికభాషనే పలుకుచుండిరి. వేషము మారెడిది గాని మాట మారెడిది కాదు.

ఈ లోపమును గుర్తించి నాటకమును దిద్దబూనినవారిలో వేదము వేంకటరాయశాస్త్రిగారు ముఖ్యులు. ఆయన 1853లో జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో పెక్కేండ్లు సంస్కృతపండితులుగా నుండిరి. 1899లో నెల్లూరున ఆంధ్రభాషాభిమాని సమాజమును స్థాపించి, తమ నాటకములను రంగస్థలమున కెక్కించిరి. నేడు మనము దర్శకుడని పిలుచువానికి ఆ కాలమున ప్రత్యేకముగా ఒక పేరు స్థిరపడలేదు. నాటకము వ్రాసినవాడే తరచుగా దానిని ఆడించువాడును అయ్యెడివాడు.

శాస్త్రిగారు 1891లో హర్షుని నాగానందమును తెనిగించినప్పుడే నీచపాత్రలచేత గ్రామ్యము పలికించిరి. పండితులు ఆక్షేపించిరి. గ్రామ్యము కావ్యమున ప్రవేశించుట వారికి దేవాలయములోనికి చెప్పులతో వచ్చినట్లు తోచెను. శాస్త్రిగారు వెనుదీయలేదు. ఆయన చూపిన యుక్తి పండితుల యింటిదే: కాళిదాసాదుల నాటకములలో రాజులు సంస్కృతమున మాటాడగా, స్త్రీలును సేవకులును ప్రాకృతములలో మాటాడుదురు గదా! సంస్కృతనాటకమున దోషము కానిది తెలుగునాటకమున దోష మెట్లగును? ఈ పద్ధతికే పాత్రోచితభాష యని పేరు.

దీని ఫలము 1897లో వెలువడిన ప్రతాపరుద్రీయమున సంపూర్ణముగా కానవచ్చును. ఓరుగల్లు ప్రభువైన ప్రతాపరుద్రుడు ఢిల్లీ సుల్తానుకు బందీ యగును. మంత్రి యుగంధరుడు పిచ్చివానివలె నటించుచు ఢిల్లీకి పోయి, రాజును విడిపించుటకు పన్నాగము పన్నును. ఇచట ఓరుగల్లున రాజు లేడన్న వార్త పొక్కరాదు. అందుచే రాజును పోలియున్న పేరిగాడను చాకలిని తెచ్చి రాజుగా నిలుపుదురు.

ఈ పన్నుగడలో ఎంత చిక్కున్నదో నటుని కోణమునుండి చూడుడు. కిరీటము పెట్టినంతమాత్రమున చాకలినోటికి రాజభాష వచ్చునా? పేరిగాడు నోరు తెరచిన గుట్టు బయటపడును. తెరవనిచో రాజు మూగవాడాయని జనము శంకింతురు. రాజ్యరక్షణ మంతయు ఒక్క మనుష్యుని నాలుకపై నిలిచినది. పేరిగానిని మొదటినుండియు గ్రాంథికమున మాటాడించియున్నచో ఈ హాస్యమును లేదు, ఈ భయమును లేదు. తురకపాత్రలకు ఉర్దూ కలిసిన తెలుగును, మరికొందరికి మరియొక తీరును ఇచ్చిరి. ఇట్టి నాటకమును ఆడించువాడు నటునకు నడక నేర్పిన చాలదు, చెవి నేర్పవలెను. పద్యమును దీర్ఘరాగమున పాడి మెప్పించువాడు ఆ నాడు సులభముగా దొరికెడివాడు. చాకలివాని మాటను వెక్కిరింపుగాక మాటగా పలుకగలవాడు దొరకుట కష్టము.

ఆయన సిద్ధాంతమున ఒక కొరత లేకపోలేదు. అదే 1897లో అచ్చైన కన్యాశుల్కమున గురజాడ అప్పారావుగారు అన్ని పాత్రలచేతను వాడుకభాషయే పలికించిరి. శాస్త్రిగారి దృష్టిలో ఉత్తమపాత్రకు గ్రాంథికమే తగును. ఇంటిలో భార్యతో మాటాడునప్పుడు రాజుగాని పండితుడుగాని గ్రాంథికము పలుకడన్న సంగతిని ఆయన లెక్కింపలేదు. ఈ విషయమున గురజాడవారి దారియే విశాలమైనదని నా యభిప్రాయము. తరువాత గ్రాంథిక వ్యావహారిక వివాదము చెలరేగినప్పుడు శాస్త్రిగారు గ్రాంథికపక్షముననే నిలిచిరి. పాఠ్యగ్రంథమునకు వాడుకభాష కూడదన్న ఆయనయే, రంగస్థలమున చాకలిమాటకు చోటిచ్చి, పండితుల నిందను సహించిరి. ఆయనకు ఇందు విరోధము కనబడలేదు. గ్రంథకర్త తన మాట తాను చెప్పునప్పుడు ఒక నియమము, పరుని నోట మాటాడునప్పుడు వేరొక నియమము.

1901లో ఉషానాటకమును, 1916లో బొబ్బిలియుద్ధనాటకమును వెలువడినవి. శాస్త్రిగారు 1929లో పరమపదించిరి. మహామహోపాధ్యాయ, కళాప్రపూర్ణ బిరుదములు ఆయనకు లభించినవి.

ప్రతాపరుద్రీయమును కంటితో చదివినంతమాత్రమున దాని రుచి తెలియదు. తరగతిలో ఒకరు యుగంధరుడుగా, ఒకరు పేరిగాడుగా నిలిచి, ఒక రంగమును బిగ్గరగా చదివి చూడుడు. పేరిగాని మాట లెవరు చదువుదురో వారికే ఎక్కువ సాధన కావలసి వచ్చును.