కాళ్ళలో ఉబ్బిన సిరలు – కోత లేని చికిత్సలు

కాళ్ళమీద నీలిరంగు త్రాళ్ళవలె మెలికలు తిరిగి ఉబికే నాళాలను చూచి "నరాలు ఉబ్బాయి" అనడం మన ఇళ్ళలో వాడుక. నిజానికి అవి నరాలు కావు. మలినరక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే సిరలు. సుశ్రుతాచార్యులు నిదానస్థానం 11వ అధ్యాయంలో, బలహీనుడు శక్తికి మించి శ్రమించినపుడు వాయువు ప్రకోపించి సిరలలో గ్రంథిని పుట్టిస్తుందని వర్ణించారు. అందులో కొన్ని కష్టసాధ్యాలనీ, కొన్ని అసాధ్యాలనీ కూడా హెచ్చరించారు. ఆ హెచ్చరికను చదివి కూడా నేను లక్ష్యపెట్టనందున కలిగిన అనుభవాన్ని పాఠకుల మేలుకోరి ఇక్కడ వివరిస్తున్నాను.

మా అక్కయ్య అనుభవము

మా అక్కయ్య ముప్ఫై ఏళ్ళకు పైగా తరగతి గదిలో నిలబడి పాఠాలు చెప్పిన ఉపాధ్యాయిని. ఎడమ పిక్కమీద సిరలు ఉబికి, సాయంత్రానికి చీలమండ వాచేది. నేను ఆయుర్వేద వైద్యుడను గనుక నన్నే అడిగింది. సహచరాది కషాయం ఇచ్చాను, తైలం పూయించాను. బరువు, లాగుడు కొంత తగ్గాయని చెప్పేది. నేను తృప్తి చెందాను. రెండేళ్ళు గడిచాక చీలమండ లోపలివైపు చర్మం నల్లబడి, దురద పుట్టి, గోకినచోట పుండుపడింది. నాలుగు నెలలైనా మానలేదు. "నువ్వు చెప్పినవన్నీ చేశాను కదరా తమ్ముడూ, మరి ఎందుకు మానడం లేదు?" అని ఆమె అడిగిననాడు నావద్ద సమాధానం లేదు.

వ్యాధికి మూలము

కాలి సిరలలో రక్తం క్రిందినుండి పైకి ప్రవహించాలి. నడిచేటపుడు పిక్క కండరాలు సిరలను పిండి రక్తాన్ని పైకి త్రోస్తాయి. అది తిరిగి జారిపోకుండా సిరల లోపల చిన్న చిన్న కవాటాలుంటాయి. కదలక నిలుచున్న మనిషి చీలమండవద్ద సిరలలో పీడనం సుమారు 90 మిల్లీమీటర్లుంటుంది. నడిస్తే అది 30కి లోపుగా దిగుతుంది. కవాటాలు చెడినవారిలో నడిచినా ఈ పీడనం సరిగా దిగదు. అందువలన సిరలు ఉబుకుతాయి. చర్మానికి పోషణ తగ్గి, నల్లబడి, చివరకు పుండుపడుతుంది.

వంశపారంపర్యం, గర్భధారణ, స్థూలకాయం, గంటల తరబడి నిలబడే వృత్తి దీనికి ముఖ్య కారణాలు. చెడిన కవాటాన్ని కషాయంగాని, తైలంగాని తిరిగి అతుకజాలదు. నేను గ్రహించవలసినది ఇదే.

పరీక్ష, చికిత్స

అక్కయ్యను రక్తనాళాల శస్త్రవైద్యుని వద్దకు తీసుకువెళ్ళాను. డ్యూప్లెక్స్ స్కానింగ్ చేశారు. ఇది సూది, నొప్పి లేని అల్ట్రాసౌండ్ పరీక్ష. రక్తం అరసెకనుకు మించి వెనుకకు మళ్ళితే కవాటం చెడినట్లే. చీలమండనుండి తొడ మొదటివరకు సాగే పెద్ద సిరలోనే అక్కయ్యకు దోషమని తేలింది.

పూర్వం గజ్జలవద్ద కోసి ఆ సిరను లాగివేసేవారు. ఇప్పుడు దానిని లోపలే మూసివేస్తున్నారు. "ఒక నాళాన్ని మూసివేస్తే రక్తం ఎటు పోతుంది?" అని మీకు సందేహం కలుగవచ్చు. కాలి రక్తంలో అధికభాగం కండరాల నడుమనున్న లోతైన సిరలద్వారానే పోతుంది. పైనున్న చెడిన సిర మోయడం మాని, భారమే అవుతుంది. అందుకే దానిని మూయడం మేలు.

1. లేజరు, రేడియో తరంగ పద్ధతులు: మోకాలి దగ్గర సూదిరంధ్రంగుండా సన్నని తీగను సిరలోనికి పంపుతారు. సిర చుట్టూ మత్తుమందు కలిపిన చల్లని ద్రవాన్ని నింపి, వేడితో సిరను లోపలినుండి ముడుచుకొనేట్లు చేస్తారు. అమెరికాలో రేడియో తరంగ పద్ధతికి 1999లో, లేజరుకు 2002లో అనుమతి లభించింది.

2. నురుగు మందు: సిరను మూసే మందును గాలితో చిలికి నురుగుచేసి సూదిద్వారా ఎక్కిస్తారు. మెలికలు తిరిగిన సిరలకు అనుకూలం. ఒకటికి రెండుసార్లు చేయవలసి రావచ్చు.

3. జిగురు పద్ధతి: సయనోఆక్రిలేట్ అనే జిగురును చుక్కలుగా వదలి సిరను అతికిస్తారు. వేడి ఉండదు. కొందరికి ఎలర్జీ కలుగవచ్చు.

బ్రిటన్‌లో 450 మంది పుండు రోగులపై జరిపి 2018లో ప్రకటించిన పరిశోధనలో, కట్టుతోపాటు సిరను త్వరగా మూసినవారి పుండు సగటున 56 రోజులలో మానగా, ఆలస్యంగా మూసినవారికి 82 రోజులు పట్టింది. ఈ సంగతి తెలిసిన తరువాత అక్కయ్య వద్ద నేను జాప్యంచేసిన నెలలు నన్ను బాధించాయి.

ఈ చికిత్సలలోనూ కమిలిన మచ్చలు, తిమ్మిరి, చర్మం రంగు మారడం, అరుదుగా లోతైన సిరలో రక్తం గడ్డకట్టడం సంభవించవచ్చు. కొన్నేళ్ళకు వేరే సిరలు ఉబకవచ్చు. గర్భిణులకు సాధారణంగా ప్రసవానంతరం వరకు ఆగుతారు.

గృహస్థులు పాటించవలసినవి

రోజూ అరగంట నడవండి. నిలబడి పనిచేసేవారు మధ్యమధ్య మడమలెత్తి దించుతూ ఉండండి. పడుకొన్నపుడు కాళ్ళక్రింద దిండు పెట్టి, గుండెకంటె ఎత్తున ఉంచండి. పీచుపదార్థాలు తిని మలబద్ధకం రాకుండా చూసుకోండి. వైద్యుడు కొలతచూచి ఇచ్చిన బిగుతుమేజోళ్ళను ఉదయం లేవగానే తొడగండి. కాళ్ళకు రక్తం పారే ధమనులు మూసుకుపోయినవారు మాత్రం పరీక్ష చేయించుకోకుండా వాడరాదు.

ఉబ్బిన సిరలను గట్టిగా మర్దించకండి. పుండుమీద ఆకుపసరులు వేయకండి. సిర చిట్లి రక్తం చిమ్మితే భయపడక వెంటనే వెల్లకిల పడుకొని, కాలు ఎత్తి, శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి వైద్యసహాయం కోరండి. ఒకే కాలు హఠాత్తుగా వాచి నొప్పిచేసినా, ఆయాసం వచ్చినా క్షణమైనా ఆలసించకండి.

అక్కయ్యకు లేజరు చికిత్స చేసిననాడే నడిచి ఇంటికి వచ్చింది. పుండు ఏడు వారాలలో మానింది. నల్లమచ్చ మాత్రం మిగిలిపోయింది. ఆమె ఇప్పటికీ చిన్నపాటి నలతకు నా కషాయమే అడుగుతుంది. నేను ఇస్తాను, అయితే ముందుగా నాడితోపాటు కాళ్ళు కూడా చూస్తాను. తన చికిత్సకు లొంగనిదానిని గుర్తించి, రోగిని తగినవారివద్దకు సకాలంలో పంపడం కూడా వైద్యమే.