ఉప్పు నీళ్లలో ఇంటి శుభ్రానికి కుంకుళ్లు, బూడిద

మలికిపురం: ఎండాకాలం కాలువలు కట్టేశారంటే సముద్రం పక్క ఊళ్లలో ఇంటి వాడకానికి బోరు నీళ్లే దిక్కు. చాలాచోట్ల ఆ నీళ్లు ఉప్పన. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు సరికదా, గిన్నెలకూ గచ్చుకూ తెల్లటి తెట్టు పడుతుంది. దాన్ని వదలగొట్టడానికి మళ్లీ ఇంకో సీసా కొనాలి. అరెకరం, ఎకరం చేసుకునే కుటుంబానికి ఇదంతా అదనపు ఖర్చే.

తప్పు సబ్బుది కాదు, నీటిది. ఆ నీటిలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బును పట్టేసి తెట్టుగా మారుస్తాయి. అవి తినగా మిగిలిన సబ్బే మురికి మీద పనిచేస్తుంది. కుంకుడుకాయ సంగతి వేరు. దాని పెచ్చులో నురగనిచ్చేది సాపోనిన్ అనే పదార్థం. అది ఆ లవణాలతో కలిసి తెట్టు కట్టదు. మన పెద్దవాళ్లు తలకు మాత్రమే కాదు, పట్టుచీరలకూ నగలకూ కుంకుళ్లే వాడారు.

ఇరవై కాయలు పగలగొట్టి గింజలు తీసేయండి. పెచ్చులను లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే పావుగంట మరిగించాలి. చల్లారాక పిసికి పలచటి గుడ్డలో వడకట్టాలి. బకెట్ నీటికి ఒక గ్లాసు రసం చాలు. గచ్చు, టైల్స్, కిటికీ రెక్కలు, పశువుల మకాంలో గాబు అన్నీ కడుక్కోవచ్చు. గాబును మాత్రం చివర్లో మంచినీళ్లతో రెండుసార్లు తొలవాలి. రసం రెండు మూడు రోజులకే పులుస్తుంది కనుక ఎప్పటికప్పుడు కాచుకోవడమే మేలు. కంట్లో పడితే ఎంత మంటో చెప్పక్కర్లేదు!

ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త. చెట్టుకు కాసిందే కదా అని కుంకుడు నీళ్లు చేపల గుంటలోకో బోదెలోకో వదలకండి. సాపోనిన్ చేప మొప్పల మీద పనిచేసి ఊపిరాడకుండా చేస్తుంది. చెరువులో పనికిరాని చేపలను చంపడానికి ఇప్పచెక్క, టీ గింజల చెక్క చల్లుతారు కదా, వాటిలో చంపేదీ సాపోనినే. నాలుగు చేప పిల్లలు వేసుకున్న చిన్న గుంట ఉన్నవాళ్లు కడిగిన నీళ్లను దూరంగా, నేల మీద ఇంకిపోయేలా పారబోయాలి.

జిడ్డు గిన్నెలకు బూడిదను మించింది లేదు. కొబ్బరి డొక్కలు, మట్టలు కాల్చిన బూడిదలో పొటాష్ ఎక్కువ. గ్లాసు బూడిద రెండు లీటర్ల నీటిలో కలిపి రాత్రంతా ఉంచితే పైన తేట తేరుతుంది. ఆ తేట నూనె జిడ్డును కోసేస్తుంది. అడుగున మిగిలిన బూడిద కొబ్బరి మొదట్లో వేయొచ్చు. ప్లాస్టిక్ సంచులు కాల్చిన పొయ్యి బూడిద దేనికీ వద్దు. సిల్వర్ గిన్నెలకూ బూడిద తేట వాడకూడదు, లోహాన్ని తినేస్తుంది. చేతులకు పుండ్లు ఉన్నవాళ్లు ముట్టకపోవడమే మంచిది. తోమడానికి కొబ్బరి పీచు ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది.

ఇత్తడి, రాగి చెంబులకు చింతపండు, ఉప్పు. పులుపు చిలుమును కరిగిస్తుంది. అదే పులుపు నాపరాళ్ల మీద, మొజాయిక్ మీద పడితే మరకలు తేలి మెరుపు పోతుంది. నేలకు నిమ్మరసం పోయమని చెప్పేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

వీటితో మురికి పోతుంది గానీ, రోగక్రిములన్నీ చావవు. 2022 జూలైలో లంకల్లోకి వచ్చినట్టు వరద నీరు ఇంట్లోకి వస్తే బ్లీచింగ్ వాడాల్సిందే. అయితే మరుగుదొడ్డి యాసిడ్‌ను, బ్లీచింగ్‌ను ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ గ్యాస్ పుట్టి తలుపు వేసిన గదిలో ప్రాణం మీదికి వస్తుంది. చింతపండు, నిమ్మ పులుపు కూడా బ్లీచింగ్‌లో కలపరాదు.

కాచిన రసం, తేట దేనిలో పోస్తున్నారో కూడా చూసుకోవాలి. పురుగుమందు ఖాళీ డబ్బాలు ఎంత కడిగినా పనికిరావు. కూల్‌డ్రింక్ సీసాలో పోస్తే పిల్లలు తాగేస్తారు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా మీద పేరు రాసి, పిల్లలకు అందని ఎత్తులో పెట్టాలి.